పదహారు నెలల పాపాయికి సంక్రాంతి

భోగి నాటి సాయంత్రం. పట్టుపరికిణీ కట్టి పదహారు నెలల పాపను పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఇరవై మంది. నాన్నమ్మ దోసిట్లో రేగుపళ్లు, బంతిపూల రేకులు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు. తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోశారో లేదో, పాప గుక్కపట్టి ఏడుపు. ‘దిష్టి తగిలింది’ అని ఒకరు, ‘ఆకలేమో’ అని మరొకరు, ‘నలుగురిలో అలవాటు చేయలేదమ్మా మీరు’ అని ఇంకొకరు. తల్లి ముఖం చిన్నబోతుంది.

ఏటా ఎన్నో ఇళ్లలో జరిగేదే ఇది. తప్పు పాపదీ కాదు, తల్లిదీ కాదు. ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ముందురోజు రాత్రంతా ప్రయాణం, తెల్లవారుజామున భోగిమంట, ఆపైన తలంటు, మధ్యాహ్నం కునుకు వేసే వేళకు చుట్టాల రాక. పేరంటం మొదలయ్యేసరికి ఆ పసిదానికి ఓపిక ఎక్కడ మిగులుతుంది? పైగా ఎనిమిది, తొమ్మిది నెలలు నిండేసరికి పిల్లలకు కొత్త ముఖాలంటే బెరుకు మొదలవుతుంది. ఏడాదిన్నర వయసులో అమ్మను వదిలి ఉండటమంటేనే బెంగ. మేనత్త చేతులు చాచగానే పాప ముఖం తిప్పేసుకుందంటే మేనత్త నొచ్చుకోనక్కర్లేదు. పక్కన కూర్చుని కాసేపు బొమ్మతో ఆడిస్తే, పాపే మెల్లగా దగ్గరికి వస్తుంది.

ప్రయాణం దగ్గరే సగం ఓపిక కరిగిపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు ఎలా బారులు తీరుతాయో ఆ దారిన వెళ్లినవారికి తెలుసు. రైలు సుఖమే గానీ, 2024 నవంబరు నుంచి రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతికి వెళ్లాలంటే నవంబరు నెల మధ్యలోనే టికెట్ల కోసం కాచుకుని కూర్చోవాలి. కారులో వెళ్లేవారు మాత్రం పాపను ఒళ్లో పెట్టుకోకండి. సడన్ బ్రేకు పడితే ఎంత గట్టి చేతులైనా పట్టు నిలుపుకోలేవు. పిల్లలకు తగిన సీటు బిగించాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

ఇక పళ్లెంలోకి వద్దాం. అరిసెలు, సున్నుండలు, చేగోడీలు, వేయించిన వేరుశనగలు. రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర కలిపినవి వద్దంటారు పిల్లల వైద్యులు. బెల్లానికీ అదే మాట. ఏడాది నిండని పిల్లలకైతే తేనె నాకించనే కూడదు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసివాళ్ల పేగుల్లో పెరిగి విషాన్ని పుట్టిస్తుంది. అరిసె ముక్క కంటే పెద్ద ప్రమాదం చేగోడీతోనూ శనగగింజతోనూ. గట్టిగా, గుండ్రంగా ఉన్నవి నమిలే శక్తి ఇంకా రాని పిల్లల గొంతుకు సరిగ్గా అడ్డం పడతాయి.

భోగిపళ్లను మళ్లీ ఒకసారి దగ్గరగా చూడండి. రేగుపండు లోపల గట్టి గింజ. శనగ. నాణెం. మూడూ పాప పిడికిట్లో పట్టేవే, పిడికిట్లో ఉన్నది క్షణంలో నోట్లోకి వెళ్లేదే. ఆచారం మానక్కర్లేదు. పిల్లల తల మీద పళ్లు పోసి ఇంటిల్లిపాదీ దీవించే ఇంత ముచ్చటైన వేడుకను వదులుకోవడం ఎందుకు? ఐదేళ్లలోపు పిల్లలకు చేసేదే కాబట్టి, వాళ్ల వయసుకు తగ్గట్టు చేస్తే సరి. పూలరేకులు ఎక్కువ, పళ్లు నాలుగు, నాణేలు లెక్కపెట్టి. పోయడం అవగానే పాపను ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లి, చాప దులిపేయాలి.

చుట్టాలు ప్రేమగా తెచ్చే బొమ్మల్లోనూ జాగ్రత్త ఉంది. వెలుగులు చిమ్మే బొమ్మల్లో చిన్న బటన్ బ్యాటరీలుంటాయి. ఒకటి మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను అటక మీద పెట్టేయండి. ఏడాది దాటిన పాపకు గొంతులో ఏదైనా అడ్డుపడి, దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే బొడ్డుకు కాస్త పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని దానికోసం నోట్లో వేళ్లు పెట్టి కెలకకూడదు.

‘మిమ్మల్ని పెంచలేదా మేము?’ అంటుంది నాన్నమ్మ. ఆమె మాటలో నిజముంది. అప్పట్లో పసిపిల్ల వెనకాలే ఎవరో ఒకరు తిరుగుతుండేవారు. ఇప్పుడు పండగ ఇంట్లో ఇరవై మంది ఉన్నా, పాపను ఇంకెవరో చూస్తున్నారులే అనుకుంటారు అందరూ. గంటకొకరి వంతు పెట్టుకోండి. ఈ గంట బాబాయిది, వచ్చే గంట పిన్నిది. వంతు మారేటప్పుడు నోటితో చెప్పి మరీ అప్పగించండి. పేరంటం పాప కునుకు తీసి లేచాకే పెట్టుకోండి. పళ్లలో ఎన్ని నాణేలు కలిపారో ముందే గుర్తుంచుకుని, చాప ఎత్తేటప్పుడు అన్నీ తిరిగొచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి.