ఆర్మ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ నడపడం ఎందుకింత కష్టం?

2022 జులై 31న లినక్స్ కెర్నల్ 5.19 వెర్షన్‌ను విడుదల చేస్తూ లినస్ టోర్వాల్డ్స్ ఒక ముచ్చట చెప్పారు. ఆ పనిని తాను ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద చేశానని, ఇందుకోసం చాలాకాలంగా ఎదురుచూస్తున్నానని. అది ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్.

నిజానికి ఇది ఆశ్చర్యపోవాల్సిన మాట. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేసేది లినక్స్ కెర్నలే, వాటిలో దాదాపు అన్నింటిలోనూ ఉండేవి ఆర్మ్ చిప్పులే. మరి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి లినక్స్‌ను ప్రారంభించిన వ్యక్తే అన్నేళ్లు ఎందుకు ఆగాల్సి వచ్చింది?

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న కంప్యూటర్‌ను ఇంటింటికీ నేమ్ బోర్డున్న వీధి అనుకోవచ్చు. స్విచ్ వేయగానే ఏ పరికరం ఎక్కడుందో ఫర్మ్‌వేర్ ఒక పట్టిక రూపంలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందిస్తుంది. చాలా భాగాలు అడగ్గానే తమ కంపెనీ పేరు, మోడల్ సంఖ్య చెబుతాయి. అందుకే ఒకే పెన్‌డ్రైవ్‌లోని లినక్స్ రకరకాల పాత ల్యాప్‌టాప్‌లలో బూట్ అవుతుంది. ఆర్మ్ చిప్పులు పెరిగిన ప్రపంచం వేరు. ఫోన్ల తయారీలో ఒక్కో మోడల్‌కు విడిగా సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసి ఫ్యాక్టరీలోనే ఎక్కిస్తారు కాబట్టి నేమ్ బోర్డుల అవసరమే రాలేదు. టచ్‌ప్యాడ్, స్క్రీన్, బ్యాటరీని కొలిచే చిప్ లాంటివి తమంతట తాము పేరు చెప్పవు. ఏది ఎక్కడుందో, దేనికి కరెంటు ఎటు నుంచి వస్తుందో ముందే రాసిపెట్టిన ఫైలు ఒకటి కావాలి. దాన్నే 'డివైస్ ట్రీ' అంటారు. ఇది దాదాపు ప్రతి మోడల్‌కూ వేరుగా రాయాల్సిందే.

2024 జూన్ నుంచి మార్కెట్లోకి వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్ పట్టిక ఉంది. కానీ అది విండోస్ డ్రైవర్లను దృష్టిలో పెట్టుకుని రాసినది, లినక్స్‌కు చాలదు. చిప్ తయారుచేసిన క్వాల్‌కామ్ లినక్స్ కెర్నల్‌కు కోడ్ అందిస్తున్నా, ఒక్కో మోడల్‌కు డివైస్ ట్రీ రాసే పని మిగిలే ఉంటుంది. పైగా గ్రాఫిక్స్ వంటి భాగాలకు కావాల్సిన ఫర్మ్‌వేర్‌ను చాలా మోడళ్లలో విండోస్ పార్టిషన్ నుంచే కాపీ చేసుకోవాలి. ఉత్సాహంలో ముందుగా విండోస్‌ను తుడిచేసినవారు ఇక్కడే చిక్కుకుంటారు.

ఆపిల్ చిప్పుల సంగతి ఇంకా క్లిష్టం. 2020 నవంబరులో వచ్చిన ఎం1 చిప్‌లో భాగాలను ఎలా నడపాలో ఆపిల్ బయటపెట్టలేదు. అసాహి లినక్స్ పేరుతో పనిచేస్తున్న స్వచ్ఛంద బృందం మ్యాక్ ఓఎస్ ఆ భాగాలతో ఎలా మాట్లాడుతోందో గమనిస్తూ డ్రైవర్లు రాసుకొచ్చింది. వారి పనిలో స్పీకర్ల కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఈ ల్యాప్‌టాప్‌లలోని బుల్లి స్పీకర్లను తట్టుకోగల స్థాయి కంటే ఎక్కువ విద్యుత్తుతో మోగిస్తే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. దాన్ని కాపాడేది ఫ్యూజు కాదు, సాఫ్ట్‌వేర్. అందుకని ఆ బృందం చాలాకాలం స్పీకర్లను మూగగానే ఉంచేసింది. తర్వాత వోల్టేజీ, కరెంటు విలువల నుంచి తీగచుట్ట ఉష్ణోగ్రతను లెక్కగట్టి, వేడెక్కితే శబ్దం తగ్గించే ప్రోగ్రామ్ రాశాకే వాటిని తెరిచింది. కొన్నవారికి పాట వినిపించకపోయినా ఫర్వాలేదు, యంత్రం పాడుకాకూడదన్నది వారి నిర్ణయం.

ఇక రోజువారీ పనుల మాట. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తాయి. వీటి సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి డెబియన్, ఫెడోరా వంటివి దాన్ని ఆర్మ్ కోసం మళ్లీ కంపైల్ చేసి ఇస్తాయి. కోడ్ మూసి ఉంచిన చోటే అడ్డంకి. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌నే తీసుకోండి. కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే పరిమితం. ఇంటెల్ ప్రోగ్రామ్‌ల ఆదేశాలను ఆర్మ్ ఆదేశాలుగా మార్చే ఫెక్స్, బాక్స్64 వంటి అనువాదకాలు ఉన్నాయి. ఆటలకూ కొన్ని అప్లికేషన్లకూ అవి బాగానే ఉపయోగపడతాయి గానీ, ప్రింటర్ డ్రైవర్ కోసం అంత తతంగం ఎవరు పడతారు?

ఆర్మ్ ల్యాప్‌టాప్ కొనడానికి అసలు కారణం ఎక్కువసేపు నిలిచే బ్యాటరీ. లినక్స్‌లో తరచూ చేజారేదీ అదే. వాడని ప్రతి భాగానికీ కరెంటు ఆపమని డ్రైవర్ చెప్పాలి. ఒక్క డ్రైవర్ అసంపూర్తిగా ఉన్నా మూత వేసిన ల్యాప్‌టాప్ రాత్రంతా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లే అమ్మే జర్మనీ కంపెనీ టక్సెడో తన స్నాప్‌డ్రాగన్ మోడల్‌ను 2025 నవంబరులో మధ్యలోనే ఆపేసింది. బ్యాటరీ ఆశించినంత రాకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు లినక్స్‌తో బడి ల్యాబుల్లో మరికొన్నేళ్లు పనిచేయగలుగుతున్నాయి. నేటి ఆర్మ్ యంత్రాలకూ ఆ అవకాశం దక్కాలంటే వాటి డివైస్ ట్రీ, డ్రైవర్లు ప్రధాన కెర్నల్‌లో చేరాలి. చేరితే కొత్త వెర్షన్లు తమంతట అవే మద్దతిస్తూ పోతాయి. కాబట్టి కొనేవారు 'ఆర్మ్‌లో లినక్స్ నడుస్తుందా' అని కాకుండా మోడల్ సంఖ్యతో సహా అడగాలి. దుకాణంలో వీలైతే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వైఫై, కెమెరా, స్పీకర్లు చూడాలి. మూత మూసి కాసేపాగి, తెరిచాక తిరిగి మేల్కొంటుందో లేదో కూడా.