సంతలో చదవాల్సిన లెక్క

తాలిపేరు అనగానే మనకు చర్ల మండలంలోని ప్రాజెక్టు గుర్తొస్తుంది. ఆ నీళ్లు దిగివచ్చేది ఛత్తీస్‌గఢ్ అడవుల్లోంచి. ఎగువన అదే ఏటి ఒడ్డున, బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులో బాసగూడ ఉంది. ఇప్పపువ్వు, చింతపండు గంపలతో చుట్టుపక్కల పల్లెలన్నీ దిగే సంత ఊరు అది. ఒకరు గోండిలో బేరమాడితే మరొకరు తెలుగులో జవాబిస్తారు. సగం గోండి, సగం తెలుగులా వినిపించే దోర్లీ రెంటినీ కలుపుతుంది. ఇంత చిన్న ఊరు పదకొండేళ్ల తేడాలో ఇద్దరు విలేకరులను పోగొట్టుకుంది. 'దేశబంధు' పత్రికకు రాసే సాయిరెడ్డిని మావోయిస్టులకు సహకరిస్తున్నాడంటూ 2008లో ప్రభుత్వం ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద జైల్లో పెట్టింది. అదే మనిషిని 2013 డిసెంబర్ 6న మావోయిస్టులు బాసగూడ సంత దగ్గరే చంపారు. రెండో వ్యక్తి ముకేశ్ చంద్రాకర్. బాసగూడలో పుట్టి, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో కుటుంబంతో శిబిరానికి చేరి, పెద్దయ్యాక 'బస్తర్ జంక్షన్' పేరుతో యూట్యూబ్ చానల్ నడిపాడు. బీజాపూర్ జిల్లాలో వేస్తున్న ఒక రోడ్డు నాణ్యత మీద వార్త వచ్చిన కొద్ది రోజులకే, 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. రెండు రోజుల తర్వాత బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ఆ కాంట్రాక్టరును, మరికొందరిని పోలీసులు అరెస్టు చేశారు.

ఈ ఇద్దరినీ తలుచుకున్నప్పుడల్లా వాళ్ల ధైర్యం గురించే మాట్లాడుకుంటాం. అది న్యాయమే. కానీ రోడ్డు పొడవెంత, మంజూరైన సొమ్మెంత, పని ఎవరికిచ్చారు, ఎప్పటికి పూర్తి కావాలి అన్న నాలుగు ముక్కలు ఊరికి చెప్పడానికి ధైర్యమెందుకు కావాలి? అవి రహస్యాలు కావు. పని మొదలవకముందే ఆఫీసు ఫైల్లో ఉంటాయి. చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు చెప్పకపోతేనే ఆ పని ఒంటరి మనిషి నెత్తిన పడుతుంది, అతని ప్రాణం మీదికొస్తుంది. బాధ్యత ఎవరిదో చట్టం 1996లోనే తేల్చింది. ఆదివాసీ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన ఆ చట్టాన్నే అందరూ పెసా అంటారు. ఊళ్లో చేపట్టే పనుల ప్రణాళికను ముందు గ్రామసభ ఆమోదించాలి. డబ్బు ఖర్చయ్యాక ఆ పనులకే ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ నుంచే ధ్రువపత్రం తీసుకోవాలి. పెసా అమలుకు ఛత్తీస్‌గఢ్ 2022లో సొంత నియమాలు కూడా తెచ్చుకుంది. అంటే కాగితం మీద బాసగూడ రైతు తన ఊరి ఖర్చుకు ఆడిటరు. అయితే లెక్క చెవిన పడని ఆడిటరు వేసే వేలిముద్రకు విలువేముంటుంది?

పని జరిగే చోట బోర్డులు పెడుతున్నారు కదా అంటారు. పెడుతున్నారు, సంతోషమే. పసుపు పూసిన సిమెంటు దిమ్మ మీద పని పేరు, పథకం పేరు, మంజూరైన మొత్తం, ఏ ఏజెన్సీ చేస్తోందో నల్లక్షరాల్లో ఉంటాయి.  కానీ అదంతా హిందీ, అదీ ఆఫీసు హిందీ. 2011 జనాభా లెక్కల ప్రకారం బీజాపూర్ జిల్లాలో అక్షరాస్యులు 41 శాతానికి మించలేదు. వాళ్లలోనూ ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్లు కొద్దిమందే. అదే లెక్కల్లో దేశవ్యాప్తంగా గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండికి చోటు లేదు. ఈ పరిస్థితిలో బోర్డు మీద రాయడంతో చట్టం మాట నెగ్గవచ్చు గానీ ఊరికి సంగతి తెలియదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఊరి కావలిదారు కోత్వార్ చాటింపు వేసే అలవాటు ఇంకా ఉంది. అయితే అందులో సాధారణంగా వినిపించేది సభ ఎప్పుడు, ఎక్కడ అన్నదే. ఏ లెక్క మీద వేలిముద్ర అడగబోతున్నారో కూడా అదే గొంతుతో, ఊరి మాటలో చెబితే అదనంగా పైసా ఖర్చు కాదు.

ముందు రోడ్డు, నీళ్లు, బడి రానివ్వండి, సమాచారం సంగతి తర్వాత చూద్దామన్నది మంచి మనసుతోనే వినిపించే అభ్యంతరం. సల్వాజుడుం కాలంలో జనం చెల్లాచెదురై బోసిపోయిన ఊరికి రోడ్డు ఎంత అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ చెప్పకుండా తెచ్చిన మంచిని కూడా ఇక్కడ జనం అనుమానంతోనే చూస్తారు. 2021 మేలో బాసగూడ నుంచి జగర్‌గుండ వెళ్లే దారిలో సిల్‌గేర్ దగ్గర భద్రతా బలగాల క్యాంపు వెలిసింది. గ్రామసభకు చెప్పకుండా మా నేలలో పెట్టారంటూ వేలమంది కూర్చున్నారు. మే 17న పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. దీని వెనక మావోయిస్టులున్నారని అధికారులన్నారు. ఉన్నారో లేదో గానీ, ముందే సభ పెట్టి ఎందుకు, ఎంత నేలలో, ఎవరి పొలం పక్కన అని చెప్పి ఉంటే, ఆ వేలమందిలో ఎందరు ఇంటి దగ్గరే ఉండేవారో ఒక్కసారి ఆలోచించాలి.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఊరికి చెప్పిన మాట సాయంత్రానికి అడవిలోకి చేరుతుంది, బలగాల కదలికలు బయటపడతాయి అంటారు. కదలికలు చెప్పమని ఎవరూ అడగడం లేదు. చేతిపంపు, అంగన్‌వాడీ బియ్యం, తునికాకు బోనస్, రోడ్డు మందం శత్రువుకు పనికొచ్చే రహస్యాలు కావు. నిజానికి ఇక్కడ ప్రమాదమంతా మౌనంలోనే పుట్టింది. మాట మోసిన మనిషిని ఒక పక్షం ఇన్‌ఫార్మర్ అంది, మరో పక్షం సానుభూతిపరుడు అంది. 2012 జూన్ 28 రాత్రి బాసగూడకు దగ్గర్లోని సార్కేగూడలో జనం గుమిగూడారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకుంటున్నామని వాళ్లన్నారు, మావోయిస్టు సమావేశమని బలగాలన్నాయి. కాల్పుల్లో 17 మంది ఊరివాళ్లు చనిపోయారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చిన సంగతి 2019లో బయటికొచ్చింది. ఊరు కూర్చుని మాట్లాడుకోవడమే అనుమానంగా కనిపించే చోట, పట్టపగలు, తెలిసిన తేదీన, నలుగురూ చూస్తుండగా జరిగే గ్రామసభ ఊరికి రక్షణ కూడా అవుతుంది.

ఇప్పుడు ఫోన్లొచ్చాయి, ఇంకా చాటింపులేమిటి అనేవాళ్లకు బస్తర్ అనుభవంలోనే జవాబుంది. విలేకరి శుభ్రాంశు చౌధురి 2010లో మొదలుపెట్టిన 'సీజీనెట్ స్వర'కు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చేది. చేతిపంపు చెడిందనో, కూలి అందలేదనో గోండిలో చెబితే, సరిచూసి నలుగురికీ వినిపించేవారు. చదువు రానివాళ్లు కూడా వార్త ఇవ్వగలరని అది చూపించింది. మన జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో చెప్పేదీ అదే. అయితే మన దేశంలో కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు. విత్తనాల గురించి, పాటల గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, పంచాయతీ వార్త చదవకూడదు! ఈ నిషేధం తీసేయాల్సిందే. కానీ ఫోనైనా రేడియోయైనా ఫిర్యాదును మోయగలవే గానీ, లెక్క ఆఫీసు నుంచే రావాలి.

లెక్క ఊరి ముందు చదివితే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలుసు. రాజస్థాన్‌లో 1994లో కోట్ కిరానా అనే ఊళ్లో మొదలైన జనసభల పద్ధతిని 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనులకు తెచ్చుకుంది. కూలీ కుటుంబాల్లోంచే వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు మస్టర్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, అమ్మా, నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాశారు, చేశావా అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. చనిపోయినవాళ్ల పేర్లు, వలస వెళ్లినవాళ్ల పేర్లు మస్టర్లలో బయటపడ్డాయి. తేలిన సొమ్ములో వసూలైంది కొంతే కదా అన్న విమర్శ నిజమే. అయినా కాగితం మీది తన పేరును ఎవరైనా తనకు చదివి వినిపించగలరని కూలీకి తెలియడం చిన్న సంగతి కాదు.

బాసగూడకు దీనికోసం కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సంత రోజు మధ్యాహ్నం, ఏటి అవతలి పల్లెలవాళ్లు తిరుగుముఖం పట్టకముందే, పంచాయతీ కార్యదర్శి ఒక కాగితం చదవాలి. పక్కనే ఇంకొకరు దోర్లీలో, తెలుగులో చెప్పాలి: ఈ నెల వచ్చిన డబ్బు ఇంత, ఈ పనికి ఇంత, చేసేది ఫలానావారు, రోడ్డు ఇంత వెడల్పు, ఇంత మందం. వెడల్పెంతో, మందమెంతో తెలిసిన ఊరివాడు ఇంటికి పోతూ పోతూ దారిలో కర్రతో కొలుచుకోగలడు.