ఉత్తరాలను చెరిగే చేట

మా జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో పండిన శనగను కళ్లంలో తూర్పారబట్టడం మీలో కొందరైనా చూసే ఉంటారు. గింజ దగ్గర పడుతుంది, పొట్టు దూరంగా ఎగిరిపోతుంది. పొట్టుతోబాటు కొన్ని చిన్న గింజలూ పోతాయి. అందుకే పెద్దవాళ్లు ఆ పొట్టును వెంటనే పారవేయరు, చేటలో పోసి మరోసారి చెరుగుతారు. ఈ-మెయిల్ సర్వరు చేసే పనీ ఇలాంటిదే.

అడగకుండానే వేలమందికి పంపే ప్రకటనలను, మోసపు ఉత్తరాలను 'స్పామ్' అంటారు. 1978 మే 3న అమెరికాలో గారీ థ్యూర్క్ అనే కంప్యూటరు కంపెనీ ఉద్యోగి, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. అప్పట్లో దాన్ని ఆపే జల్లెడ లేదు.

మరి మంచి ఉత్తరమేదో యంత్రానికెలా తెలుస్తుంది? తెలియదు, లెక్క వేస్తుంది. ఆ లెక్కకు మూలం థామస్ బేయీస్ అనే ఇంగ్లండు మతబోధకుడి వ్యాసం. ఆయన మరణించాక 1763లో అది అచ్చయింది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. స్పామూ, మంచి ఉత్తరాలూ చెరిసగం వస్తున్నాయనుకుందాం. నూరు స్పాముల్లో 30, నూరు మంచివాటిలో 5 ఉత్తరాల్లో 'బహుమతి' అనే మాట ఉంది. అప్పుడు ఆ మాట ఉన్న ఉత్తరం స్పామ్ అయ్యే అవకాశం 35లో 30, అంటే సుమారు 86 శాతం. పాపం, సైన్సు ఫెయిర్ ఆహ్వానంలోనూ బహుమతి ఉంటుంది గదా! అయితే అందులో 'ప్రయోగం' కూడా ఉంది. అది స్పాముల్లో నూటికి 1, మంచివాటిలో నూటికి 20 ఉత్తరాల్లో వస్తుందనుకోండి. 30×1=30; 5×20=100. ఇప్పుడు స్పామ్ అవకాశం 130లో 30, అంటే 23 శాతమే. (ఒక మాట రాకకు మరో మాటతో సంబంధం లేదనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి మాటలు జంటలుగా తిరుగుతాయి. అయినా లెక్క బాగానే పనిచేస్తుంది, నాకదే వింత!)

స్పామ్‌అసాసిన్ అనే జల్లెడ ఇలాంటి పరీక్షలు అనేకం చేసి మార్కులు వేస్తుంది. మామూలుగా 5 మార్కులు చేరితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. సర్వరు చూసుకునేవారు ఆ 5ను 3 చేస్తే మంచి ఉత్తరాలూ చిక్కుకుంటాయి, 8 చేస్తే చెత్త లోపలికొస్తుంది.

ఈ రెండు తప్పులూ సమానం కావు. చెత్త వస్తే తుడిచేస్తాం. ఒక ఏడు మా బడికొచ్చిన సైన్సు ఫెయిర్ ఆహ్వానం స్పామ్ పెట్టెలో పడింది. మేం చూసేసరికి గడువు దాటి రెండు రోజులైంది. నమూనా తయారు చేసుకున్న పిల్లలకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే అనుమానపు ఉత్తరాన్ని చించేయకుండా 'క్వారంటైన్'లో ఉంచుతారు. పూర్వం ప్లేగు భయంతో వెనిస్ రేవులో ఓడలను నలభై రోజులు ఆపేవారు, ఆ నలభై నుంచే ఈ పేరొచ్చింది. ఇక్కడ ఉత్తరం కొన్నాళ్లు ఆగుతుంది. మనిషి చూసి, మంచిదైతే విడిపిస్తాడు. 'ఇది స్పామ్ కాదు' అని యంత్రానికి చెబితే, దాని లెక్కలోని అంకెలు ఆ మేరకు మారతాయి.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం ఆ పెట్టె నేనే తెరుస్తాను. ఎక్కువగా లాటరీలే ఉంటాయి.