తోకతో మొదలుపెడదాం

విమానం ఎలా ఎగురుతుందని పిల్లలు అడిగితే మనం రెక్క గురించి చెప్పి ఊరుకుంటాం. ప్రాథమిక తరగతుల పిల్లలకు అసలు తోకతోనే మొదలుపెట్టాలని నా నమ్మకం. ఇబ్రహీంపట్నం మండలం బడులకైతే ఈ పాఠం మరీ దగ్గరిది. ఆ మండలంలోని ఆదిభట్లలో పెద్ద విమానాల తోకలు తయారవుతున్నాయి.

గాలిపటానికి వాడే వెదురు పుల్ల ఒకటి జానెడున్నర పొడవుండేలా తీసుకోండి. చార్టు పేపరుతో జానెడు వెడల్పు రెక్క కత్తిరించి పుల్లకు అంటించండి. పుల్ల కొసన ముక్కు దగ్గర కాస్త బంకమట్టి పెట్టి పిల్లల చేత విసిరించండి. అది పల్టీలు కొట్టి పడిపోతుంది. ఇప్పుడు రెండో కొసకు చిన్న అడ్డతోక, దానిమీద నిలువుతోక అంటించి మళ్లీ విసరమనండి. ఈసారి తిన్నగా జారుతూ పోతుంది. ముక్కు పైకెత్తి ఆగి కూలితే మట్టి పెంచాలి, నేలకు దూకితే తగ్గించాలి.

ముక్కు పైకి లేచిందంటే అడ్డతోకకు గాలి కిందనుంచి తగులుతుంది. తోక లేస్తుంది, ముక్కు దిగుతుంది. అంత చిన్న తోకకు అంత బలమెక్కడిది? దూరం నుంచే. బందుకు దూరంగా నెడితే తలుపు వేలితోనే కదులుతుంది కదా, ఇదీ అంతే.

ఈ సంగతి మొదట చేసి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ. 1804లో ఒక కర్రకు మామూలు గాలిపటాన్నే రెక్కగా బిగించి, వెనక కదిలే తోక పెట్టాడు. 1871లో పారిస్‌లో ఆల్ఫాన్స్ పెనో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు మెలిపెట్టిన రబ్బరుతో తిరిగే బొమ్మ విమానం ఎగరేశాడు. బరువు 16 గ్రాములే. తోకను రెక్క కంటే కాస్త కిందికి వాల్చి పెట్టడంతో అది తనంతట తానే నిలదొక్కుకుని 11 సెకన్లలో 40 మీటర్లు పోయింది.

1878లో అమెరికాలో ఒక తండ్రి, పెనో నమూనాలోని మరో రబ్బరు బొమ్మను తన కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఏడు. వాళ్లే విల్బర్, ఆర్విల్ రైట్. మన ఆరో తరగతి, రెండో తరగతి పిల్లల వయసు! 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 36 మీటర్లు. ఎత్తు సరిచేసే పలకను వాళ్లు ముందు పెట్టారు. అందుకే ముక్కు ఊరికే ఎగిసి దిగేది, నడపడం కష్టమయ్యేది. 1910కల్లా వాళ్లూ దాన్ని వెనక్కి మార్చుకున్నారు.

ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ తయారుచేసే తోకలు అమెరికాలోని మరియెట్టాకు వెళ్లి సి-130జె రవాణా విమానాలకు అమరుతున్నాయి. మన వాయుసేన దగ్గర కూడా ఈ రకం విమానాలున్నాయి. వాటి అడ్డతోక ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు 16 మీటర్లు. బడి ఆవరణలో ముగ్గుపిండితో ఆ గీత గీసి, పిల్లలను దాని పొడవునా వరుసగా నిలబెట్టండి. రెక్క 40 మీటర్లని అప్పుడు చెప్పండి.

ఆ తర్వాత వాళ్ల బొమ్మ విమానాన్ని మళ్లీ చేతికిచ్చి, అడ్డతోక వెనక అంచును కొంచెం పైకి వంచమనండి, నిలువుతోక అంచును ఎడమకు వంచమనండి. ఏమవుతుందో మాత్రం మీరు ముందే చెప్పేయకండి.