షేక్ చివర హెచ్ ఉందా, లేదా?

బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్న అమ్మాయి అడిగిన ఒక చిన్న ప్రశ్నకు, 27 ఏళ్లుగా మదరసాలో అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్న మా వద్ద సమాధానం లేకపోయింది.

"షేక్ చివర హెచ్ ఉందా, లేదా సార్?" అని అడిగిందామె.

అరబ్బీలో అయితే ఈ మాటకు మూడే అక్షరాలు: షీన్, యా, ఖా. ఎవరు రాసినా అవే. ఆ చివరి ఖా గొంతులో నుంచి రావాలి. అది మన 'క' కాదు, 'హ' కూడా కాదు. ఇంగ్లీషులో దానికి సరిపడే అక్షరం లేదు. ఇదంతా ఆ అమ్మాయికి సావధానంగా వివరించాము. ఆమె ఓపికగా విని, "అది సరే సార్, సిస్టమ్‌లో హెచ్ లేదు. మీరు తెచ్చిన సర్టిఫికెట్‌లో ఉంది. రెండిట్లో ఏది కరెక్టు?" అంది. మా వెనుక టోకెన్లు పట్టుకొని నిలబడినవారు అప్పటికే దగ్గడం మొదలుపెట్టారు.

విషయం ఇది. మా బావగారు నిరుడు శ్రావణ మాసపు ముసురులో కన్నుమూశారు. కడపలో ముప్పై ఏళ్లకు పైగా సైకిలు దుకాణం నడిపిన మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయము. పోయినవారి పేరును మా ఫిర్యాదుల్లోకి లాగడం మాకు ఇష్టం లేదు. షేక్‌తో మొదలై బాషాతో ముగుస్తుందని చెబితే చాలు. మా ఊళ్లో వీధికొకరు చొప్పున దొరుకుతారు. ఆయన పొదుపు ఖాతాలో లక్షా పన్నెండు వేల రూపాయలున్నాయి. నామినీగా మా ఆపా పేరు రాసి ఉంది. చిన్న మేనకోడలు నర్సింగు చివరి సంవత్సరం చదువుతోంది. ఫీజు కట్టనిదే హాల్‌టికెట్టు ఇవ్వరు. కనుక ఆ డబ్బు ఆపాకు చేరాలి, అదీ త్వరగా చేరాలి.

నామినీ ఉన్నప్పుడు ఇందులో పెద్ద చిక్కు ఉండకూడదు. మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు పత్రం, క్లెయిమ్ దరఖాస్తు అందిన 15 రోజుల్లోగా సొమ్ము చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం. వారసత్వ ధ్రువపత్రం తెమ్మని తిప్పకూడదు కూడా. (నామినీ అంటే సొమ్ము అందుకునే చేయి మాత్రమేనని, అందుకున్నది వారసుల వాటాల ప్రకారం పంచవలసిందేనని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. అది వేరే వ్యాసం.) అయితే ఆ 15 రోజులు పత్రాలన్నీ సక్రమంగా అందిన నాటి నుంచి లెక్క. మా పత్రాలు సక్రమం కావడానికే నాలుగు నెలలు పట్టింది.

బావగారు 1996లో ఖాతా తెరిచినప్పుడు పాస్‌పుస్తకం మీద ఎవరో గుమాస్తా షేక్‌ను 'ఎస్ కె' అని రెండక్షరాలు చేసి, చుక్క పెట్టి వదిలాడు. ఆధార్‌లో అది ఎస్, హెచ్, ఏ, ఐ, కె అయింది. పాన్ కార్డువారు ఇంటిపేరు చివర రావాలని చెప్పి షేక్‌ను తోకకు తగిలించారు. మధ్య పేరులోని దీర్ఘానికి ఒకరు రెండు 'ఓ'లు, మరొకరు ఒక 'యు' వాడారు. బాషా సంగతి సరేసరి. టర్కీవారి పాషా అరబ్బీలోకి వచ్చేసరికి బాషా అయింది, అరబ్బీలో 'ప' లేదు కనుక. మా సీమలో బాషా వినిపించినంతగా పాషా వినిపించదు. అయినా బావగారి గ్యాసు పుస్తకంలో ఆయన పాషాగానే ఉన్నారు. సిలిండరు మాత్రం ఏ పేరుకైనా వచ్చేది. ఆ రోజులు వేరు.

మనుషుల మాట అటుంచండి, మా ఊరిదీ అదే కథ. పాత పాస్‌పుస్తకంలో కడప అంటే ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు: సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్. 2005లో ప్రభుత్వం దాన్ని ఆరక్షరాలకు దించి, చివరి హెచ్‌ను తీసివేసింది. ఊరి పేరులోని హెచ్ ఒక్క ఉత్తర్వుతో పోయింది. బావగారి పేరులోని హెచ్ కోసం మేము కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా ఎన్నిసార్లు తిరిగామో మా చెప్పులకే తెలుసు.

ఈ బ్యాంకులోనే మరో కౌంటరులో ఒక అధికారి ఉన్నారు. చిన్నప్పుడు బావగారి దుకాణంలో సైకిలుకు గాలి కొట్టించుకొని, పావలా రేపిస్తానని చెప్పి వెళ్లిన కుర్రవాడే. బావగారి అంతిమయాత్రకూ వచ్చాడు, కాసేపు భుజం కూడా పట్టాడు. ఆయన దగ్గరకు వెళ్లి, "బాబూ, పోయిన మనిషి ఎవరో నీకు తెలియదా?" అన్నాము. అతను తల వంచుకొని, "నాకు తెలుసు మౌల్వీ సాబ్. సిస్టమ్‌కు తెలియదు. కాగితాలు స్కాన్ చేసి పైకి పంపుతాం, అక్కడ చూసేవాళ్లు వేరు. వాళ్లు అక్షరాలే చూస్తారు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మట్టి వేసిన చేతులతోనే ఆ దరఖాస్తును 'పేరు సరిపోలలేదు' అని మాకు తిప్పి ఇచ్చాడు.

హెల్ప్‌లైనుకు ఫోన్ చేయమని ఎవరో సలహా ఇచ్చారు. చేశాము. భాష ఎంచుకోమంది, ఎంచుకున్నాము. మా కాల్ తమకు ఎంతో ముఖ్యమని చెప్పి ఇరవై నిమిషాలు వీణ వినిపించారు. చివరకు ఒక యువకుడు పలికి, ఖాతా వివరాలు ఖాతాదారుకే చెప్పగలమన్నాడు.

"ఖాతాదారు మరణించారు నాయనా. అందుకే మేము చేస్తున్నాము."

"అర్థమైంది సార్. భద్రతా కారణాల వల్ల ఒక్కసారి వారిని లైనులోకి రమ్మనండి."

మేము ఏమీ అనలేకపోయాము. పాపం, అతని ముందున్న తెర మీద ఆ వాక్యమే ఉందేమో. తరువాత నామినీని మాట్లాడమన్నాడు. ఫోన్ ఆపాకు ఇచ్చాము. ఖాతాదారు పేరు చెప్పమన్నాడు. ఆపా కొంగును నోటికి అడ్డం పెట్టుకొని మా వైపు చూసింది. మా ఇళ్లలో ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. 'పిల్లల నాన్న' అంటారు, 'దుకాణం ఆయన' అంటారు. అవతల యువకుడు "హలో, హలో" అంటున్నాడు. ఆపా ఫోన్‌ను తిరిగి మా చేతిలో పెట్టి, "నువ్వు చెప్పు" అంది. మగ గొంతు వినపడగానే, "మీరు నామినీ కాదు కదా సార్" అని అతను సెలవు తీసుకున్నాడు. మా అనుభవానికి అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారని రెండు నిమిషాల్లో సందేశం వచ్చింది.

బ్యాంకుల మీద ఇలాంటి ఫిర్యాదు ఉంటే ముందు రాతపూర్వకంగా బ్యాంకుకే ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. 14448కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. పాఠకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాము. మేము కూడా నాలుగు పుటల ఫిర్యాదు సిద్ధం చేసుకున్నాము, తెలుగులో, మంచి భాషలో. 'అక్షరజ్ఞానం లేని గుమాస్తాల నిర్లక్ష్యం' అనే మాట అందులో మూడుసార్లు వాడాము.

ఈలోగా ఫీజు గడువు వచ్చింది. మా జీతం సంగతి చదివేవారు ఊహించుకోగలరు. ఆపా తన రెండు గాజులు అమ్మింది. కుదువ పెడితే వడ్డీ అని, అమ్మేసింది. మాకు చెప్పలేదు. ఖాళీ చేతులు చూసి మేమే అడిగితే, "సబ్బుకు బిగుసుకుపోతున్నాయి, తీసేశాను" అంది.

ఆ కోపంతోనే ఫిర్యాదు చంకన పెట్టుకొని జనన మరణాల నమోదు కార్యాలయానికి వెళ్లాము. అసలు తప్పు అక్కడే జరిగిందని మా నిశ్చయం. ఆధార్‌లో లేని హెచ్, బ్యాంకులో లేని హెచ్, మరణ ధ్రువపత్రంలోకి ఎలా వచ్చింది? అందులో షేక్ స్పెల్లింగు ఎస్, హెచ్, ఏ, వై, కె, హెచ్. కడప జిల్లాలో ఏ షేకూ అలా రాసుకోడు. ఆ బల్ల దగ్గర ఉన్న గుమాస్తాకు మేము నిలబడే ఉపన్యాసం ఇచ్చాము. పేరు అనేది మనిషికి అమానతు వంటిదని కూడా చెప్పినట్టు గుర్తు. అతను అంతా విని, లోపలికి వెళ్లి, దుమ్ము దులుపుతూ ఒక ఫైలు తెచ్చాడు. మరణ సమాచారం ఇచ్చిన నాటి అసలు ఫారం తీసి మా ముందు పెట్టాడు.

నీలి సిరా. గుండ్రని, పొందికైన చేతిరాత. ఇంగ్లీషు అయినా అక్షరాలు కాస్త కుడి నుంచి ఎడమకు వాలినట్టుంటాయి. మదరసాలో మా విద్యార్థులు ఆ రాతను దూరం నుంచే గుర్తుపడతారు.

అప్పుడు గుర్తొచ్చింది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలని ఎవరో అంటే, మూడో నాడే మేము వెళ్లి ఫారం నింపాము. ఇంట్లో ఆపా ఏడుస్తోంది, ఆధార్ కార్డు వెతికే ఓపిక ఎవరికీ లేదు. బావగారి పేరు కనీసం ఈ చివరి కాగితంలోనైనా సరిగా ఉండాలని, పరిశోధక గ్రంథాల్లో పండితులు అరబ్బీ ఖాను ఇంగ్లీషులో ఎలా రాస్తారో అలా రాశాము. ఆ గుమాస్తా ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించాడు. అతను ఏమీ అనలేదు. "కుర్చీలో కూర్చోండి మౌల్వీ సాబ్, టీ తాగుతారా?" అన్నాడు. నాలుగు పుటల ఫిర్యాదు చంకలో చెమటకు తడుస్తోంది.

సవరణకు దారి ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు తప్పును సరిచేయవచ్చు. అయితే అసలు రాసినదాన్ని కొట్టివేయకూడదు. పక్కన అంచులో సరైనది రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఇది విని మా ప్రాణం కాస్త కుదుటపడింది. మా పాత గ్రంథాల పద్ధతీ ఇదే. మూలాన్ని ముట్టుకోరు, అంచున హాషియా రాస్తారు. విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తులు వాంగ్మూలం ఇవ్వాలన్నారు. ఒకరు మా వీధి కిరాణా దుకాణదారు. రెండోవారి కోసం ఆలోచించి, బ్యాంకులోని ఆ సైకిలు గాలి కుర్రవాడినే అడిగాము. భోజన విరామంలో స్కూటరు మీద వచ్చాడు. కాగితం మీద సంతకం పెడుతూ, "ఆయనకు పావలా బాకీ ఉన్నాను" అన్నాడు.

ఆపా పేరు పాస్‌పుస్తకంలో 'బీ', ఆధార్‌లో 'బేగం'. ఆ ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర మరో స్టాంపు కాగితం అయింది. ఈసారి దరఖాస్తు పైనుంచి తిరిగి రాలేదు. 11వ రోజున డబ్బు పడింది. వాటాలు లెక్కకట్టి పంచాము. పిల్లలు తమ వాటాల్లో నుంచి తల్లికి గాజులు చేయిస్తామంటే ఆమె వద్దంది.

ఆ హెచ్ ఎవరు రాశారో ఆపాకు చెప్పడానికి మాకు ఇంకో వారం పట్టింది. ఒక సాయంత్రం ఆమె వంటింట్లో బియ్యం ఏరుతుండగా, గడప దగ్గర కూర్చొని మొత్తం చెప్పాము. పండితుల పద్ధతి, ఖా అక్షరం, నీలి సిరా, అన్నీ. ఆమె చేట పక్కన పెట్టి చాలాసేపు మమ్మల్నే చూసింది. కోప్పడుతుందనుకున్నాము.

"38 ఏళ్ల కాపురంలో నేను ఆయన పేరు పలకనే లేదు," అంది చివరకు. "నువ్వా, చిన్నప్పటి నుంచీ దుల్హేభాయ్ దుల్హేభాయ్ అనడమే. మనిద్దరికీ రాయడం ఎక్కడ వస్తుంది?"

మళ్లీ చేట అందుకుంది.