విజయవిలాసం రాజుగారు అద్దెకిచ్చిన ఊరు

చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న తంజావూరు రఘునాథ నాయకుడి పేరు తెలుగు చదువుకున్నవాళ్లకు కొత్త కాదు. తానూ తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయనే సముద్రం ఒడ్డున ఒక ఊరిని డెన్మార్కువాళ్లకు అద్దెకిచ్చాడన్న సంగతి మాత్రం తెలుగు మాస్టార్లు చెప్పగా ఎవరూ విని ఉండరు. ఒప్పందం 1620 నవంబరు 20న కుదిరింది. అద్దె ఏడాదికి 3,111 రూపాయలు. ఊరి పేరు తరంగంబాడి. తెల్లవాళ్ల నోట ట్రాంక్విబార్. ఆ సందర్భంలో డెన్మార్కు రాజుకు నాయకరాజు బంగారు రేకు మీద చెక్కించి పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది.

ఇంతకీ డెన్మార్కువాళ్లు ఈ ఒడ్డుకు చేరిన తీరు అంత గౌరవంగా ఏం లేదు. ముందుగా వచ్చిన ఓడ మీద 1619లో కారైక్కాల్ దగ్గర పోర్చుగీసువాళ్లు దాడి చేసి ముంచేశారు. చచ్చినవాళ్లలో కొందరి తలలు ఒడ్డున గుంజలకు గుచ్చి నిలబెట్టారు. ఓడ అధిపతి రోలాండ్ క్రాపే బతికిన పదిపదిహేను మందితో ఒడ్డెక్కి పట్టుబడ్డాడు. రఘునాథ నాయకుడి ముందుకు తీసుకెళితే, శిక్ష పడాల్సినచోట బేరం కుదిరింది. పోర్చుగీసువాళ్లకు పోటీగా ఇంకొక వర్తకుడు ఉంటే రాజుకూ లాభమే కదా. ఆ తర్వాత డెన్మార్కు నౌకాధిపతి ఓవె గియెడ్డె నౌకాదళంతో వచ్చి సంతకాలు పూర్తిచేశాడు.

తరంగంబాడి ఇప్పుడు తమిళనాడులోని మయిలాడుదురై జిల్లాలో ఉంది. పాత ఊరు ఎంత చిన్నదంటే ఆగి ఆగి నడిచినా ఒక పూటలో చూసేయొచ్చు. గైడు వెంట నడక ల్యాండ్‌పోర్టెన్ అనే తెల్లటి ఊరివాకిలి దగ్గర మొదలవుతుంది. ఇప్పుడున్నది 1792లో కట్టినది. దాన్ని దాటగానే కింగ్ స్ట్రీట్. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్ కూడా ఉన్నాయి. రాజులు పోయారు, రాణులు పోయారు, వీధుల పేర్లు మాత్రం ఎవరూ మార్చలేదు.

సముద్రం పక్కనే డాన్స్‌బోర్గ్ కోట. కింది అంతస్తులో వంటిల్లు, మద్యం నిల్వ, మందుగుండు కొట్టు, జైలు. పై అంతస్తులో గవర్నరు, వర్తకులు, మతగురువు. దేవుడి మనిషిని పైన పెట్టి సారాను కింద పెట్టడంలో ఎంత ముందుచూపో! అయితే ఇంకో మతగురువు కింది అంతస్తు కూడా చూశాడు. ఆ కథ తర్వాత వస్తుంది.

ఈ కోటలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి గవర్నర్ల బొమ్మల మధ్య పెద్దగా కనిపించడు. పేరు ఎస్కిల్డ్ ఆండర్సన్ కాంగ్స్‌బాకె. చదువు లేని సామాన్యుడు. డెన్మార్కు కంపెనీ దివాలా తీసింది, ఊరిని స్వదేశం మరిచిపోయింది, పాతికేళ్లకు పైగా అటునుంచి ఒక్క ఓడా రాలేదు. జ్వరాలకు, పోరాటాలకు ఒక్కొక్కరే రాలిపోయి 1655 నాటికి మిగిలిన డేన్ (డెన్మార్కువాడు) ఇతనొక్కడే. జెండా దించలేదు. స్థానికులను కూడగట్టుకుని, బంగాళాఖాతంలో దొరికిన ఓడలను పట్టి ఆ సొమ్ముతో నెట్టుకొచ్చాడు. తంజావూరు సేనల నుంచి కాపాడుకోవడానికి ఊరి చుట్టూ గోడ కట్టించాడు. 1669లో చివరికి ఒక యుద్ధనౌక వచ్చి చూస్తే ఊరు నిలబడే ఉంది. అప్పుడు అతన్నే గవర్నరుగా నియమించారు. అప్పటికే ఏళ్ల తరబడి చేస్తున్న ఉద్యోగానికి ఉత్తర్వు ఇవ్వడం అంటే ఇదే.



ఊళ్లో రెండు చర్చిలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 1701 నాటి జియాన్ చర్చి డేన్‌ల కోసం కట్టుకున్నది. 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి స్థానిక క్రైస్తవుల కోసం జర్మన్ మతగురువు బార్తొలొమేయస్ జీగెన్‌బాల్గ్ కట్టించినది. ముఖద్వారం మీద డెన్మార్కు నాలుగో ఫ్రెడరిక్ రాజు కిరీటపు గుర్తు ఇంకా ఉంది. కట్టించినవాడి సమాధి లోపలే. 1719లో, నలభై నిండకుండానే పోయాడు.

1706లో దిగిన ఈ జీగెన్‌బాల్గ్ ఇక్కడి కమాండెంటుకు కంట్లో నలుసయ్యాడు. స్థానికుల పక్షాన మాట్లాడుతున్నాడని పట్టి డాన్స్‌బోర్గ్ జైల్లో నాలుగు నెలలు పెట్టారు. పట్టు వదలని మనిషి. ఇంగ్లాండు నుంచి అచ్చుయంత్రం తెప్పించుకున్నాడు. అది తేలిగ్గా రాలేదు. దాన్ని తెస్తున్న ఓడను బ్రెజిల్ తీరంలో ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు, వెంట వచ్చిన ముద్రాపకుడు దారిలోనే చనిపోయాడు. యంత్రం మాత్రం 1712లో తరంగంబాడి చేరింది. జర్మనీలోని హాలె నుంచి వచ్చిన తమిళ అక్షరాల అచ్చులు లావుగా ఉండి కాగితం మింగేస్తుంటే, చీజ్ డబ్బాలకు వాడిన సీసాన్ని కరిగించి చిన్న అక్షరాలు పోశారు. 1715కల్లా తమిళ కొత్త నిబంధన పూర్తయింది. దక్షిణ భారతదేశపు దేవతల గురించి ఆయన రాసిన పుస్తకాన్ని మాత్రం హాలెలోని మిషన్ పెద్దలు మెచ్చక మూలన పడేశారు. అది మద్రాసులో అచ్చయింది 1867లో.

తెలుగువాళ్లు ఇక్కడ ఇంకొకరిని తలుచుకోవాలి. జీగెన్‌బాల్గ్ పోయిన ఏడాదే మరో జర్మన్ మతగురువు బెంజమిన్ షుల్జ్ ఇక్కడికి వచ్చాడు. కొన్నేళ్లకు మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి అనువదించాడు. తిరిగి హాలె వెళ్లాక 1746, 1747 ప్రాంతాల్లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఇప్పుడు తెలిసినంతలో అవే తొలి తెలుగు అచ్చు పుస్తకాలు. కోటనీ కలోనియల్ భవనాలనీ చూపించే గైడు ఈ పేరు చెప్పకపోతే మీరే అడగండి.

డేన్‌లు రాకముందే ఊరుందని చెప్పేది మాసిలామణినాథర్ ఆలయం. మారవర్మన్ కులశేఖర పాండ్యుడి కాలంలో, 1306 ప్రాంతంలో కట్టినది. ఊరికి అప్పటి పేరు సడంగన్‌పాడి అని శాసనం చెబుతుంది. ముందుభాగాన్ని సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. మిగిలినదాన్ని కాపాడటానికి అలల ముందు బండరాళ్లు వేశారు. నా లెక్కలో నడకలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. చాలామంది కోట ముందు ఫోటోలు దిగి, గుడిని దూరం నుంచే చూసి వెనక్కి తిరుగుతారు.

1845లో డెన్మార్కు ఈ ఊరిని, బెంగాల్‌లోని సేరాంపూర్‌ను కలిపి ఈస్టిండియా కంపెనీకి పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మేసింది. కొన్నాళ్లు తంజావూరు జిల్లా కేంద్రం ఇదే. 1860లో కచేరీలు తరలిపోయాయి, వర్తకం రైలున్న నాగపట్నం వైపు మళ్లింది. పాత ఇళ్లు ఇన్ని మిగలడానికి సగం కారణం అదే. కూలగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊళ్లోకి రాలేదు. మయిలాడుదురై నుంచి 1926లో ఒక రైలుమార్గం వచ్చింది, 1986లో మూతపడింది. ఇప్పుడు మయిలాడుదురై నుంచో, కారైక్కాల్ నుంచో బస్సులో రావాలి. ఎండ పొద్దున తొమ్మిదికే మొదలవుతుంది, కాబట్టి తెల్లవారుతూనే ల్యాండ్‌పోర్టెన్ దగ్గర ఉంటే మేలు.