సముద్రపు తాబేళ్లు - చూచినవారి సాక్ష్యము

నాది నారాయణఖేడు ప్రాంతమందలి బోరంచ. మాకు సముద్రము లేదు, మంజీర కలదు. ఇట్టివాడు సముద్రపు తాబేళ్లనుగూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. కాని మంజీర గోదావరిలో కలియును. గోదావరి సముద్రమును చేరును. ఆ ముఖద్వారమునకు చేరువనున్న ఇసుకతిన్నెలపై ఆలివ్ రిడ్లీ యను జాతి తాబేళ్లు గ్రుడ్లు పెట్టుచున్నవి.

ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వరకు ఆడుతాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల నీట దిగిపోవును. సుమారు యాబది దినములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడిమి హెచ్చైనచో ఆడుపిల్లలును, తగ్గినచో మగపిల్లలును అధికముగా పుట్టుదురు. తక్కిన జీవితమంతయు కడలిలోనే గడచును. ఆంధ్రతీరమో వందల మైళ్లు. ప్రతి తిన్నెకడను ఒక శాస్త్రజ్ఞుడు కాచియుండుట సాధ్యమా?

కావున ఒడ్డున తిరుగువారే శాస్త్రమునకు కన్నులు. చెన్నపట్టణమున 1988లో విద్యార్థులు ఇందులకై ఒక సంఘముగా ఏర్పడి, నాటినుండి రాత్రులు తీరమువెంట నడచుచు గూళ్లను లెక్కించుచున్నారు. ఆంధ్రతీరమున మత్స్యకార గ్రామములవారు ఇట్టి పనిలో అటవీశాఖకు తోడ్పడుచున్నారు.

ఒక్క చూపు ఎంత తెలుపునో వినుడు. 2021లో ఒడిశాలోని గహీర్మఠ తీరమున ఒక తాబేటి రెక్కకు అంకెగల లోహపు బిళ్లను తగిలించిరి. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడినది. తూర్పు కడలి తాబేలు పడమటి కడలికిని పోవునని ఆ బిళ్లయే సాక్ష్యమిచ్చినది. అంకెను చదివి తెలుపువారు లేకున్న ఆ సాక్ష్యము ఇసుకలో కలిసిపోయెడిది.

వ్రాయవలసినది స్వల్పము: తేది, వేళ, చోటు, ప్రాణమున్నదా లేదా, డిప్ప పొడవు, బిళ్లయున్న దాని అంకె. తాబేలు ఊపిరికై నీటిపైకి రావలయును. పెద్ద వలలలో చిక్కినచో ఉక్కిరిబిక్కిరియై చచ్చును. అందుచే చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినదానినిగూడ వ్రాయవలయును. ఏ నెలలో, ఏ తావున వలల బాధ హెచ్చో ఆ లెక్కయే సూచించును. ఏమియు కనబడని రాత్రినిగూడ 'కనబడలేదు' అని వ్రాయుడు. లేనిచో మనుష్యులు ఎక్కువగా నడచిన చోటనే తాబేళ్లు ఎక్కువని భ్రమ కలుగును. తాబేటిని తాకరాదు, దానిపై దీపము వేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్షణ కల్పించియున్నది.

నా బాల్యమున మంజీర గట్టున తాబేళ్లను చూచితిని. నాటికంటె నేడు తగ్గెనా, పెరిగెనా యని నన్నడిగినచో చెప్పజాలను. చూచితిని గాని వ్రాసియుంచలేదు. ఆ లోపము నాది. తీరవాసులారా, మీ మనుమలు మిమ్మడిగిననాడు నావలె నిరుత్తరులు కాకుందురుగాక!